నానో మట్టి కలిపిన కంపోస్టబుల్ కవర్లు మన పిండివంటలకు నిలుస్తాయా?

మురుకులక్క, బైరాగిపట్టెడ
అందరికీ నమస్కారం. ఇంట్లోనే మురుకులు, కారాలు, మామిడితాండ్ర చేసి అమ్ముతాను. పోయిన కార్తీకంలో పాలిథీన్ మానేసి, ఎరువుగా మారిపోతాయనే కంపోస్టబుల్ కవర్లకు మారాను. తాండ్రకు ఇబ్బంది రాలేదు. మురుకులు మాత్రం ఆ వానలకు ఆరో రోజుకే మెత్తబడిపోయాయి. కొరికితే కరకర లేదు, పంటికి సాగుతున్నాయి. నలభై పాకెట్లు అంగళ్ల నుంచి వెనక్కి తెచ్చుకున్నాను. ఇప్పుడు కవర్లాయన "నానో మట్టి కలిపిన రకం వచ్చిందక్కా, తేమను ఆపుతుంది" అంటున్నాడు. రేటు ఎక్కువ. నమ్మచ్చా? ఆ మట్టి తినేదానికి అంటదా? మళ్లీ పాలిథీన్‌కు పోవడం నాకిష్టం లేదు, అందుకే అడుగుతున్నా.

పాలిమర్ విద్యార్థి, ఏర్పేడు
అక్కా, ఆయన చెప్పింది అబద్ధం కాదు. మీ కవరు చాలావరకు పీబీఏటీ అనే, ఎరువులో కరిగిపోయే ప్లాస్టిక్ అయ్యుంటుంది, దాంట్లో పిండి పదార్థమో, మొక్కల పిండి, చక్కెరల నుంచి చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టికో కలుపుతారు. పీఎల్‌ఏ ఒక్కటే అయితే పెళుసు, పీబీఏటీ సాగుతుంది. రెండిట్లోంచీ నీటి ఆవిరి సులువుగా దాటిపోతుంది.

మట్టి పని అక్కడే. బెంటొనైట్ అనే బంకమట్టిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం అది. రేకులు రేకులుగా విడిపోతుంది. ఒక్కో రేకు మందం సుమారు 1 నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు), వెడల్పు దానికి వంద రెట్ల పైమాటే. ఆ రేకులు ఫిల్ములో అడ్డంగా పరుచుకుంటే ఆవిరి తిన్నగా రాలేదు. కొండ మీద గుడి ఎదురుగానే కనిపిస్తున్నా క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లన్నీ దాటుకునే పోవాలి కదా, అట్లా దారి పొడవవుతుంది. నూటికి 2 నుంచి 5 పాళ్లు చాలు. జపాన్‌లో టయోటా పరిశోధకులు 1980ల చివర్లో నైలాన్‌లో మట్టి కలిపి చూపించాకే ఈ దారి పట్టింది లోకం.

రేకులు విడిపోవడమే కష్టం. ముద్దకడితే తేమ ఆగదు సరికదా, ఆ ముద్ద దగ్గరే ఫిల్ము చిరుగుతుంది. కవరును వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. చుక్కలు కనిపించి, వేలికి గరుగ్గా తగిలితే కలపడం కుదరలేదేమో అని అనుమానించాల్సిందే.

కవర్ల కొట్టు, చిత్తూరు
నేను అమ్మేవాణ్ణే, అయినా చెప్తా ఉండా. మురుక్కి ఇది చాలదక్కా. ఒకే మందంలో పోల్చినా పాలిథీన్ కంటే ఈ కవర్లు పది రెట్లకు పైగా తేమను వదుల్తాయి. మట్టి దాన్ని సగం చేసిందనే అనుకుందాం. ఇంకా అయిదు రెట్లు ఉండాది కదా!

లడ్డూ సంగతి వేరే. తిరుమలలో 2021లో డీఆర్‌డీఓ వాళ్ల మొక్కజొన్న పిండి కవర్లు పెట్టినారు. రెండు మూడు రోజుల్లో ఇల్లు చేరే ప్రసాదానికి అది చక్కగా సరిపోతాది. నెల నిల్వ ఉండాల్సిన మురుక్కీ దానికీ ఒకటే కొలత పెట్టొద్దు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలనే నిబంధన వచ్చినప్పటి నుంచి, అది కంపోస్టబుల్‌కు వర్తించదు కాబట్టి ప్రతివాడూ ఇదే అంటగడతా ఉండాడు. కవరు మీద తయారుచేసినోళ్ల పేరు, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ నంబరు లేకపోతే చేత్తో కూడా తాకొద్దు.

ఎరువు గుంత, చంద్రగిరి
మీరంతా కవరు తేమ ఆపుతుందా లేదా అంటున్నారు. వాడి పారేశాక ఏమవుతుందో అడగరా? కవరు ఎరువుగా మారుతుందో లేదో తేల్చే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం పరీక్ష జరిగేది 58 డిగ్రీల దగ్గర వేడిలో. నిరుడు వేసవిలో కవరు ముక్కలు దోమతెర గుడ్డలో మూటకట్టి మా గుంతలో పాతాను. పేడ, అరటి బోదెలు, ఎండుటాకులు వేశాను. నడిమధ్య చెయ్యి పెట్టలేనంత వేడి పది రోజులే ఉండింది. మూడు నెలలకు తవ్వితే, నడుమ పెట్టిన మూటలో పొరలు పొరలుగా తునకలు మిగిలాయి, పట్టుకుంటే చిదిగిపోయాయి. అంచున పెట్టిన ముక్క మీద అచ్చయిన అక్షరాలు ఇంకా చదవొచ్చు. ఇంక కాలువలో పడిన కవరు గతేంటి?

మట్టి కలిపితే నాకు అభ్యంతరం లేదు, అది మట్టిలోదే. వెండి, జింక్ ఆక్సైడ్ నానో కలిపి "క్రిములను చంపుతుంది" అని అమ్ముతారే, వాటి మీదే నా కోపం. ఎరువు చేసేదే ఆ సూక్ష్మజీవులు. లెక్క చూడండి: నూటికి 1 పాలు జింక్ ఆక్సైడ్ వేస్తే కిలో కవర్లలో 10 గ్రాములు, అందులో జింక్ దాదాపు 8 గ్రాములు, అంటే 8,000 మిల్లీగ్రాములు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 ఒప్పుకునేది కిలోకు 150 మిల్లీగ్రాములే. దాన్ని ఎరువుకు పనికొచ్చే కవరని ఎట్లా అంటారు?

పాలిమర్ విద్యార్థి, ఏర్పేడు
జింక్ విషయంలో మీతో ఒప్పుకుంటున్నాను అన్నా. మట్టి మీద కూడా ఒక మాట చేర్చాలి. పచ్చి మట్టి ప్లాస్టిక్‌తో కలవదు, అందుకని దానికి చాలాసార్లు అమ్మోనియం జాతి లవణాల పూత పూస్తారు. అక్క అడగాల్సింది ఆ పూత గురించే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి తినేదాంట్లోకి దిగే మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష కాగితం అడగండి. మురుకు నూనె వస్తువు కాబట్టి, నీళ్లతో చేసిన పరీక్ష చూపిస్తే ఒప్పుకోవద్దు, నూనెతో చేసింది కావాలి.

మురుకులక్క, బైరాగిపట్టెడ
చేసి చూశాను. బొరుగులు వేయించి ఆరబెట్టి, మూడు రకాల కవర్లలో వంద గ్రాముల చొప్పున పోసి సీలు చేశాను. పెద్ద బేసిన్‌లో తడిగుడ్డ పరిచి, మధ్యన పీట వేసి, వాటిని పెట్టి మూతపెట్టాను. నాలుగు రోజులకు మా ఎలక్ట్రానిక్ కాటా మీద పాలిథీన్‌ది పెరగలేదు. పాత కంపోస్టబుల్‌ది 5 గ్రాములు, నానోది 3 గ్రాములు పెరిగాయి. నానోలో ఉన్న బొరుగులు నోట్లో వేసుకుంటే ఇంకా పూర్తిగా మెత్తబడలేదు, కానీ కరకర పోయింది.

కాబట్టి తాండ్రకూ, ఆ పూటకాపూట అమ్ముడుపోయే కారాలకూ కొత్త కవరు తీసుకుంటాను, పరీక్ష కాగితం చేతికొచ్చాకే. మురుకులకు వీధిలో వాళ్లు డబ్బా తెచ్చుకుంటే కిలోకు పది రూపాయలు తగ్గించి ఇస్తున్నా. ఇప్పటికి పద్నాలుగు ఇళ్ల వాళ్లు తెచ్చుకుంటున్నారు. దూరం పంపే వాటికి మాత్రం ఇంకా దారి దొరకలేదు.

చంద్రగిరి అన్నా, ఆదివారం రెండు రకాల ముక్కలూ తెస్తాను. ఈసారి అంచునే పాతుదాం.