చలికి మొరాయిస్తున్న 230ఇ: రెగ్యులేటర్ మార్చెయ్యాలా, ముందు గేజ్ పెట్టాలా?

పాతబెంజి
నాది 1983 మెర్సిడెస్ 230ఇ, కె-జెట్రానిక్ అనే మెకానికల్ పెట్రోల్ ఇంజెక్షన్‌ది. ఉండేది జర్మనీలో. కారు రెండేళ్లు షెడ్డులో పడుంది, ఈ శీతాకాలమే బయటికి తీశాను. పొద్దున తాళం తిప్పగానే స్టార్టవుతుంది, నాలుగైదు సెకన్లకే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకుండా ఉంటే నిలబడుతుంది గానీ, కదిలిద్దామంటే ఇన్‌టేక్‌లో టప్పుమంటుంది. పది నిమిషాలు పోయాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, పెట్రోల్ ఫిల్టర్ కొత్తవే. మెకానిక్ వార్మప్ రెగ్యులేటర్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ అందేలా చూసేది) మార్చాలంటున్నాడు. ధర విన్నాక చలి నాక్కూడా పట్టుకుంది. మార్చెయ్యమంటారా?

గ్రీజుచేతులు
మార్చెయ్ అన్నా. నలభై ఏళ్ల సామాను అది. నా గోల్ఫ్ జీటీఐ అచ్చం ఇలాగే చేసేది, రీకండిషన్ చేసింది వేశాక మళ్లీ పేచీ పెట్టలేదు. లేదంటే 3 ఎంఎం అలెన్ కీతో పెట్రోలు-గాలి పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ కాస్త తిప్పు, పైసా ఖర్చుండదు.

గేజ్‌మాస్టారు
స్క్రూ జోలికి మాత్రం పోవద్దు బాబూ. చల్లగా ఉన్నప్పటి రోగానికి స్క్రూ తిప్పితే వేడెక్కాక పెట్రోలు ఎక్కువై, పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పెరిగి, తనిఖీలో దొరికిపోతారు.

స్టార్టవుతోందంటే కోల్డ్ స్టార్ట్ ఇంజెక్టర్ పని చేస్తున్నట్టే. అది కొద్ది సెకన్లు చల్లి ఊరుకుంటుంది. ఆ తర్వాత భారమంతా కంట్రోల్ ప్రెజర్ మీదే. అది సిలిండర్లకి పెట్రోలు పంచే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లో ప్లంజర్ (పైకీ కిందికీ కదిలే కడ్డీ) నెత్తిన నొక్కుతూ ఉంటుంది. నొక్కుడు తగ్గితే, లోపలికొచ్చే గాలిని కొలిచే పలక తేలిగ్గా లేస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. చలిలో ఆ నొక్కుడు తగ్గించడమే రెగ్యులేటర్ పని. తగ్గించడం లేదని మీ మెకానిక్ అనుమానం. కొలిచాడా మరి?

కారు రాత్రంతా ఆరుబయట ఉండాలి. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ప్రెజర్ గేజ్ కలిపి, రెగ్యులేటర్ కరెంటు ప్లగ్ పీకండి, లేకపోతే లోపలి హీటర్ వేడెక్కి లెక్క తప్పుతుంది. ఇంజిన్ వెయ్యకుండా పంపు ఒక్కటే నడిపి చూడండి. సున్నా డిగ్రీల దగ్గర ఒక బార్ అటూ ఇటూ, వేడెక్కాక మూడున్నర చిల్లర ఉండాలి. సరైన అంకె రెగ్యులేటర్ మీది నంబర్‌ని బట్టి మారుతుంది.

గొట్టాలగోల
గేజ్ కంటే ముందు గాలి లీకు చూడాలి మాస్టారూ. పలక దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు. ఇంజిన్ వేడి మీదుంటే ఆ లోటు ఓర్చుకుంటుంది, చలిలో ఓర్చుకోదు. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీసి చూడండి. ఇంజిన్ తూలితే మంచిదే. ఉలుకూ పలుకూ లేకపోతే లీకు ముందే ఉన్నట్టు.

పాతబెంజి
మూత తియ్యగానే ఆగిపోబోయింది, అంటే పెద్ద లీకు లేదు. నిన్న 3 డిగ్రీల చలిలో గేజ్ పెట్టాను. 2.6 బార్! ప్లగ్ తగిలించి వేడెక్కనిస్తే 3.6.

గ్రీజుచేతులు
నేను చెప్పలా?

గేజ్‌మాస్టారు
ఆగు తమ్ముడూ. రెగ్యులేటర్‌లోకి పెట్రోలు వచ్చే రంధ్రంలో చిన్న జల్లెడ ఉంటుంది. అది పూడిపోతే పెట్రోలు రిటర్న్‌కి పోలేక ప్రెజర్ దిగదు. విప్పి చూడండి.

పాతబెంజి
విప్పాను. చిటికెన వేలి గోరంత జల్లెడ, దాని నిండా ఇటుకరంగు బురద. కొత్త ఫిల్టర్ దాటి ఎలా వచ్చిందో! కడిగి బిగిస్తే ఈ పొద్దున 1.1. మొదటి దెబ్బకే నిలబడింది. కానీ అర నిమిషం పాటు ఆర్‌పీఎం కిందా మీదా అవుతోంది.

గేజ్‌మాస్టారు
ఫిల్టర్ తర్వాతి పైపులూ ఆ రెండేళ్లలో లోపల తుప్పు పట్టి ఉంటాయి. మిగిలిన ఊగిసలాటకి, చల్లటి ఇంజిన్‌కి కాస్త ఎక్కువ గాలి ఇచ్చే అదనపు గాలి వాల్వ్ చూడండి. చల్లటి ఇంజిన్ మీద దాని గొట్టం నొక్కితే ఆర్‌పీఎం పడిపోవాలి, వేడెక్కాక తేడా రాకూడదు.

గ్రీజుచేతులు
తుప్పు ఉందని మీరే అంటున్నారుగా మాస్టారూ, జల్లెడ మళ్లీ పూడుతుంది. నేనైతే ఇప్పటికీ మార్చెయ్యమనే అంటాను.

గొట్టాలగోల
పైపుల్లో తుప్పుంటే కొత్త రెగ్యులేటర్‌కి మాత్రం జల్లెడ ఉండదా ఏం?

పాతబెంజి
రేపు పొద్దున గొట్టం నొక్కి చెబుతాను. మెకానిక్‌కి మాత్రం ఫోన్ చేసి ఆర్డరు ఆపించాను.