నానమ్మ కావాలన్న నా ఆశ కోడలికి భారం కాకూడదు: ఏం చేయాలి?

మా అబ్బాయికి పెళ్లయి ఆరేళ్లు దాటింది. ఈలోగా మా చెల్లెలికి ముగ్గురు మనవలు పుట్టారు, మా తోడికోడలు గత నెలలోనే రెండోసారి నానమ్మ అయింది. వారి సంతోషం నాకూ సంతోషమే, కానీ నేను అప్పట్లో ఆశపడి అల్లిన చిన్న ఉన్ని టోపీ ఇంకా బీరువాలోనే ఉంది.

మొన్న బంధువులలో ఒకరు అందరి ఎదుట "ఇంకా విశేషం ఏమీ లేదా?" అని అడిగినప్పుడు, మా కోడలు తాను ఎత్తుకున్న పసిబిడ్డను మెల్లగా తల్లి ఒడిలో పెట్టి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. నేను నోరు మెదపలేదు. అది నా తప్పే.

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, స్త్రీకి 35 ఏళ్లు దాటి ఉంటే 6 నెలలకే, దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవడం మంచిదని వైద్యులు చెబుతారని, కారణం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండవచ్చని నాకు తెలుసు. అయితే వాళ్లు ప్రయత్నిస్తున్నారో, పిల్లలు వద్దనుకున్నారో, మాకు చెప్పకుండా చికిత్స తీసుకుంటున్నారో తెలియదు. అడిగితే ఒత్తిడి చేసినట్లవుతుంది, అడగకపోతే పట్టించుకోలేదని అనుకుంటారేమోనని భయంగా ఉంది.

ఇటువంటి పరిస్థితిని స్వయంగా దాటిన కొడుకులూ కోడళ్లూ దయచేసి చెప్పండి: మీ అత్తగారి నుంచి ఏ మాట వినాలని మీరు కోరుకున్నారు? బంధువులు మళ్లీ అలా అడిగితే నేను ఏమని బదులివ్వాలి?