అప్‌డేట్: గెలిచిన మూడు నవలల అచ్చు సంగతి

విజయనగరంలో పిల్లలే రాసిన నవలల పోటీలో గెలిచిన మూడు రాతప్రతుల్ని పుస్తకాలుగా ఎలా తేవాలని అడిగాను కదా, తేలింది ఇదీ.

ఒప్పందం మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చెల్లదు. కాపీరైటు మాత్రం రాసిన పిల్లలదే. ‘సర్వహక్కులూ నిర్వాహకులవి’ అన్న వాక్యం కొట్టేయించాం.

అసలు తలనొప్పి రాతప్రతులు టైపు చేసిన ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంటు. యూనికోడ్‌లోకి మార్చాక కొన్ని వత్తులు పక్క అక్షరానికి అతుక్కున్నాయి. తెర మీద కంటికి ఆనవు, కాగితం మీదే ప్రూఫు దిద్దాలి. ఇంకోటి: ప్రూఫు చూసినాయన ఒక నవలలో ‘ఏటి’ని ‘ఏమిటి’ అనీ, ‘గుంటడు’ని ‘కుర్రాడు’ అనీ మార్చేశారు. సంభాషణల్లో మన యాసే ఆ నవల ప్రాణం, అన్నీ వెనక్కి పెట్టించాం. ముందే ‘ముట్టుకోకూడని మాటల’ జాబితా ఇచ్చుంటే రెండోసారి పని తప్పేది.

డెమీ సైజు పుస్తకంలో ఫారానికి (ఒక విడతగా అచ్చయ్యే పెద్ద కాగితానికి) 16 పేజీలు, డబ్బు నిండు ఫారాల లెక్కనే. ఒక నవల 131 పేజీలకి తేలింది, అంటే తొమ్మిది ఫారాలు, 144కి డబ్బు. ముందుమాట కుదించి, అధ్యాయాల మధ్య ఖాళీ తగ్గిస్తే 128లో సర్దుకుంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది. ఈ-బుక్కుకి వేరే నంబరు కావాలి.