పాస్టర్ గారు వెళ్లిపోతున్నారు, కొత్తవారు వచ్చేదాకా సంఘాన్ని ఎలా నడపాలి?

అందరికీ వందనాలు. మాది రకరకాల దేశాలవాళ్లు కలిసి ఆరాధించే సంఘం. మా పాస్టర్ గారు త్వరలో స్వదేశానికి వెళ్లిపోతున్నారు. కొత్తవారిని వెతకడానికి కమిటీ వేశాం కానీ, అందులో అందరూ ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లే. మిగతావాళ్లు మీటింగులో తలూపి, బయటికొచ్చాక తమ భాషలో బాధపడుతున్నారు. అదే నా టెన్షన్.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపిణీలో అన్యాయం జరుగుతోందన్న సణుగు వచ్చినప్పుడు, ఆ పని చూసుకునే ఏడుగురిని ఎన్నుకునే బాధ్యతను అపొస్తలులు శిష్యులందరికీ అప్పగించారు కదా. మాకూ అందరి మాటా వినాలనే ఉంది. ఒక్కో భాషవాళ్లతో విడిగా కూర్చుంటే వర్గాలు ఏర్పడతాయా? ఈలోగా తాత్కాలిక పాస్టర్‌ను పెట్టుకోవాలా, పెద్దలే వంతులవారీగా వాక్యం చెప్పాలా? ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి.