బాబుకి 40 రోజులైనా పసికర్లు తగ్గలేదు, మోషన్ తెల్లగా వస్తోంది

కొంచెం అర్జెంట్ అండి. మా చెల్లి బాబుకి ఇవాళ్టికి 40 రోజులు, మూడో రోజు నుంచి ఉన్న పసికర్లు ఇంకా పోలేదు, అమ్మేమో పొద్దున్నే ఎండలో పెట్టమంటుంది, ఊళ్లో డాక్టర్ గారు కూడా అదే తగ్గిపోద్ది అన్నారు. కానీ వారం నుంచి మోషన్ సున్నంలా తెల్లగా వస్తోంది, ఉచ్చ ముదురు పసుపు, గుడ్డలకి మరక పడుతోంది. నిన్న వేరే డాక్టర్ టెస్ట్ చేయిస్తే రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ (పసికర్లకి కారణమయ్యే పసుపు పదార్థంలో ఒక రకం) 6 వచ్చింది, చాలా ఎక్కువట, బిలియరీ అట్రేసియా (లివర్ నుంచి పేగుకి పైత్యరసం వెళ్లే గొట్టాలు మూసుకుపోవడం) కావచ్చు, అదైతే కాసై ఆపరేషన్ (పేగుని లివర్‌కి కలిపి పైత్యరసానికి దారి చేసేది) 60 రోజుల లోపే చేయించాలి, లేటయ్యే కొద్దీ లివర్ పాడైపోతుంది అన్నారు. అంటే మాకున్నది 20 రోజులే! రేపు తెల్లారగానే హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. మీ పిల్లలకి ఎవరికైనా ఈ ఆపరేషన్ అయిందా, స్కాన్‌లకి ఎన్ని రోజులు పట్టింది, ఆరోగ్యశ్రీ వర్తించిందా? పసరు మందులు మాత్రం చెప్పొద్దు ప్లీజ్, చెల్లి రాత్రంతా ఏడుస్తూనే ఉంది.