మాయాబజార్ భోజన సన్నివేశంతో జిఫ్: 41 మెగాబైట్ల బరువు, చారలు, విరిగిన ఒత్తులు

లడ్డూల బాకీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి. మా కుటుంబంవాళ్ళం నడుపుకునే చిన్న వెబ్‌పేజీలోనూ, పెళ్ళి పనుల కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులోనూ పెట్టడానికి ‘మాయాబజార్’ (1957) సినిమాలో ఘటోత్కచుడి వేషంలో ఉన్న ఎస్వీ రంగారావు పెళ్ళివారి వంటకాలన్నీ ఒక్కడే కూర్చుని ఆరగించే సన్నివేశంనుంచి ఒక జిఫ్ (శబ్దం లేకుండా తిరిగి తిరిగి ఆడే చిన్న కదిలే బొమ్మ) తయారు చేద్దామనుకున్నాను. లడ్డూలు తమంతట తామే లేచి ఆయన నోట్లోకి పోతాయి కదా, నాకు కావలసింది ఆ ముక్క ఒక్కటే.

మా ఇంట్లో 2010లో విడుదలైన రంగుల ప్రతి ఉంది. అందులోంచి 8 సెకన్ల ముక్క కత్తిరించి, స్పష్టంగా కనబడుతుందని 1280×720 కొలతకు పెంచి, ఆన్‌లైన్‌లో ఉచితంగా జిఫ్ చేసిపెట్టే ఒక సైటుకు ఇచ్చాను. వచ్చిన ఫైలు 41 మెగాబైట్లు ఉంది. ఘటోత్కచుడి ఒంటిమీదా వెనక గోడమీదా నీడలు మెత్తగా కలిసిపోకుండా, మెట్లు మెట్లుగా రంగుచారలు కనిపిస్తున్నాయి. వెబ్‌పేజీలో పెడితే ఒక్కసారి ఆడి ఆగిపోతోంది. అన్నిటికంటె బాధ కలిగించినది, కింద నేను రాయించిన ‘పెళ్ళి భోజనానికి రండి’ అన్న మాట. ‘పెళ్ళి’లో ళకారం కింద ఉండవలసిన ఒత్తు పక్కకు వచ్చి ‘పెళ్‌ళి’ అని నిలబడింది. పెళ్ళివారికి ఇటువంటిది పంపడం నాకు మనస్కరించడం లేదు. ఇంతకంటె మంచి సైటు ఏదైనా ఉంటే చెప్పగలరా?

కత్తెర బల్ల:

లడ్డూల బాకీ గారూ, సైటు మార్చినంతమాత్రాన మీ కష్టం తీరదు. మీరు చెప్పిన వాటిలో అక్షరాల సంగతి, ఆగిపోవడం సంగతి పక్కన పెడితే, మిగిలినవన్నీ ఏ ముక్కను ఎంచుకున్నారు, ఏ ప్రతినుంచి తీశారు అన్నచోటే పుట్టాయి. నేను కొన్నేళ్ళు ఎడిటింగ్ గదిలో అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి కాబట్టి కొంచెం విస్తరించి రాస్తున్నాను, విసుక్కోకండి.

ముందు లెక్క చూద్దాం. జిఫ్‌లో ఒక్కొక్క చుక్కకు (పిక్సెల్‌కు) ఒక బైటు పడుతుంది. మీ బొమ్మలో 9,21,600 చుక్కలున్నాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 8 సెకన్లకు 192 ఫ్రేములు. అంటే కుదించకముందు మీ జిఫ్ బరువు దాదాపు 17 కోట్ల 70 లక్షల బైట్లు. దాన్ని 41 మెగాబైట్లకు దించిన ఆ సైటును నిజానికి మనం మెచ్చుకోవాలి. అదే ముక్కను 480×360 కొలతలో, 3 సెకన్లు, సెకనుకు 12 ఫ్రేములకు తగ్గిస్తే కుదించకముందే అది 62 లక్షల బైట్లకు వస్తుంది. మీది డీవీడీ ప్రతి అయితే అందులో ఉన్న వివరమే అంతంతమాత్రం. దాన్ని 1280కి సాగదీస్తే బరువు పెరుగుతుందే గాని స్పష్టత పెరగదు. పైగా పాత సినిమాల చట్రం దాదాపు చదరం, మీరు దాన్ని వెడల్పు చట్రంలో పెట్టారు కాబట్టి రెండు పక్కలా నల్లపట్టీలు కూడా మోస్తూ ఉండి ఉంటారు. మొదట వాటిని కోసెయ్యండి.

ఇక కుదింపు. జిఫ్‌లో వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి, చుక్కల వరుస ఒకసారి వచ్చినదే మళ్ళీ వస్తే దాన్ని గుర్తుపట్టి, పూర్తిగా రాయకుండా పొట్టి సంకేతంతో సరిపెడుతుంది. దీనికితోడు, ముందు ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య మారిన భాగాన్ని మాత్రమే రాసి తక్కినదాన్ని వదిలెయ్యడానికి ఫార్మాటులో వీలుంది. ఈ రెండూ పనిచెయ్యాలంటే కెమెరా కదలకూడదు. కెమెరా ఒక్క వెంట్రుకవాసి జరిగినా బొమ్మలో ప్రతి చుక్కా మారినట్టే లెక్క. కాబట్టి ఆ సన్నివేశంలో కెమెరా స్థిరంగా నిలబడి, ఘటోత్కచుడూ లడ్డూలూ మాత్రమే కదిలే షాటును వెతకండి. ముక్క మధ్యలో కట్ ఉండకుండా చూడండి, ఎందుకంటే కట్ పడిన ప్రతిచోటా మొత్తం బొమ్మను మళ్ళీ కొత్తగా రాయవలసి వస్తుంది. పాత ఫిలిములో ఇంకొక శత్రువు ఉంది, అది రేణువు. స్థిరంగా ఉన్న గోడ కూడా రేణువులవల్ల ప్రతి ఫ్రేములోనూ సన్నగా వణుకుతూ ఉంటుంది, కంటికి తెలియదు గాని కుదింపుకు తెలుస్తుంది. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో రేణువును తగ్గించే ఫిల్టర్లున్నాయి, తేలికగా ఒకసారి వెయ్యండి. ఎక్కువ వేస్తే రంగారావుగారి ముఖం మైనపు ముద్దలా తయారవుతుంది.

ఇప్పుడు చారల సంగతి. 1987లో కాంప్యూసర్వ్ సంస్థ ఈ ఫార్మాటును తెచ్చినప్పుడు ఒక బొమ్మకు 256 రంగులు మించకూడదని పెట్టిన హద్దు ఈనాటికీ అలాగే ఉంది. ఒంటి ఛాయ, ఆభరణాల పసిమి, పట్టుబట్టలు, గోడ, నీడలు అన్నీ ఆ 256లోనే సర్దుకోవాలి. అవి చాలక చారలు పడతాయి. చారలు పోవడానికి రంగుల మధ్య చుక్కలు చల్లుతారు, పాత వార్తాపత్రికల ఫొటోలను దగ్గరగా చూస్తే కనిపించే చుక్కలవంటివి. చల్లే పద్ధతుల్లో ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ అనేది ఒక్క బొమ్మకైతే అందంగా ఉంటుంది గాని, కదిలే బొమ్మలో ఫ్రేము ఫ్రేముకూ చుక్కల చోటు మారి చీమలు పాకినట్టుంటుంది, బరువూ పెరుగుతుంది. బేయర్ పద్ధతిలో చుక్కలు ఉన్నచోటనే ఉంటాయి.

అయితే మీకు ఈ తంటా ఏదీ అక్కర్లేదు. అసలు ‘మాయాబజార్’ నలుపు తెలుపు సినిమా. వీడియోలో నలుపునుంచి తెలుపు వరకు సాధారణంగా 16 మొదలుకొని 235 వరకు, అంటే 220 మెట్లు మాత్రమే ఉంటాయి. జిఫ్‌లో 256 గదులున్నాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పట్టిన వెలుగునీడల్లో ఒక్క మెట్టు కూడా పోకుండా అందులో ఇమిడిపోతుంది, చుక్కలు చల్లవలసిన అవసరం కూడా లేదు. రంగుల తెలుగు సినిమాలతో జిఫ్‌లు చేసేవాళ్ళు ఎంత తన్నుకున్నా దక్కని సుఖం ఇది. దయచేసి రంగుల ప్రతిని పక్కన పెట్టి నలుపు తెలుపు ప్రతి సంపాదించండి.

వేగం గురించి ఒక మాట. జిఫ్‌లో ఒక్కొక్క ఫ్రేము ఎంతసేపు నిలవాలో సెకనులో నూరోవంతుల్లో చెప్పాలి. 24 ఫ్రేముల సినిమాలో ఫ్రేము విడిచి ఫ్రేము తీసుకుంటే ఒక్కొక్కటి 8.33 వంతులు నిలవాలి. అటువంటి భిన్నానికి అక్కడ చోటు లేదు. ప్రతి ఫ్రేముకూ 8 ఇచ్చెయ్యండి. సినిమా నూటికి నాలుగు పాళ్ళు వేగంగా ఆడుతుంది, ఎవ్వరూ గుర్తుపట్టరు. సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతి టీవీలో మనం చూసిన సినిమాలూ ఆ మేరకు వేగంగా ఆడినవే.

చివరగా, మళ్ళీ మొదటికి కలిసే చోటు. ఒక లడ్డూ నోట్లోకి పోయి, దవడ కదిలి, తరువాతి లడ్డూ ఇంకా లేవని క్షణాన్ని పట్టుకుని అక్కడ కొయ్యండి. మొదటి ఫ్రేమును కూడా సరిగ్గా అటువంటి క్షణంలోనే మొదలుపెట్టండి. అతుకు తెలియకపోతే ఆయన తెల్లవార్లూ తింటూనే ఉంటాడు. కొందరు అతుకు కుదరక ముక్కను ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. ఇక్కడ ఆ పని చేశారంటే ఘటోత్కచుడు మింగిన లడ్డూలను తిరిగి పళ్ళెంలోకి ఉమ్ముతాడు.

ఒక్కసారి ఆడి ఆగిపోవడం చిన్న లోపం. తిరిగి తిరిగి ఆడాలన్న సూచన 1989నాటి జిఫ్ నిర్దేశంలో లేదు, దాన్ని తరువాత నెట్‌స్కేప్ బ్రౌజరువాళ్ళు చేర్చారు. మీ సైటు ఆ సూచనను రాయలేదు. గిఫ్‌సికిల్ అన్న పరికరంలో లూప్ పెట్టి మళ్ళీ భద్రపరిస్తే సరిపోతుంది. అందులోనే బరువు తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. కమాండ్లు రాయడం అలవాటు లేకపోతే విండోస్‌లో స్క్రీన్‌టుజిఫ్ వాడండి, ఫ్రేములన్నీ వరుసగా పరిచి చూపిస్తుంది కాబట్టి అతుకు వెతకడానికి అది నాకూ హాయిగానే ఉంటుంది.

తలకట్టు:

కత్తెర బల్ల గారు చెప్పిన తరువాత బొమ్మ గురించి చెప్పవలసినది ఏమీ లేదు, అక్షరాల గురించి నేను చెబుతాను. ముందుగా ఒక సరదా మాట. దీన్ని తయారుచేసిన స్టీవ్ విల్‌హైట్ ‘జిఫ్’ అనే పలకాలని 2013లో బహుమానం అందుకుంటూ చెప్పినా, నేను ‘గిఫ్’ అనే రాస్తాను. ఇంగ్లీషువాళ్ళు మూడక్షరాలు రాసేసి తప్పించుకుంటారు, మనం మాత్రం జకారమో గకారమో తేల్చుకుంటే తప్ప కలం కదలదు.

మీ ‘పెళ్‌ళి’ విరగడానికి ఫాంటు కారణం కాదు. యూనికోడ్‌లో ‘ళ్ళ’ అన్నది ళ, పొల్లు, ళ అనే మూడు సంకేతాలుగానే ఉంటుంది. ఆ మూడింటినీ చూసి రెండో ళకారాన్ని ఒత్తుగా మార్చి కిందికి దించే పనిని షేపింగ్ అనే వేరొక భాగం చెయ్యాలి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని కట్టిన చాలా సైట్లలో ఆ భాగం ఉండదు, అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఊరుకుంటాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అక్షరాలు నేరుగా రాసే ఫిల్టరు కూడా హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ భాగాన్ని కలపకుండా కట్టిన ప్రతిలో ఇదే తప్పు చేస్తుంది. సబ్‌టైటిల్ ఫైలుగా రాసి సబ్‌టైటిళ్ళను బొమ్మమీద గీసే లిబాస్ అన్న భాగం ద్వారా ఎక్కిస్తే సరిగ్గా వస్తుంది.

అన్నిటికంటె తేలిక మార్గం ఇది: బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్లయిన గింప్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో మీ వాక్యాన్ని టైపు చేసి, వెనక ఏ రంగూ లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని, దాన్ని వీడియోమీద అతికించండి. అప్పటికే అది బొమ్మ కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ దాని ఒత్తులను విరవలేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లావుగా ఉండి ఇటువంటి పనికి బాగుంటుంది. 480 వెడల్పు బొమ్మలో అక్షరం ఎత్తు 40 చుక్కలకు తగ్గించకండి, తగ్గిస్తే ఒత్తుల లోపలి ఖాళీలు పూడిపోయి నల్లటి బొట్టులా కనిపిస్తాయి. అట్టడుగు అంచుకు ఆనించి రాయకండి, ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వాటికి చోటు వదలాలి. ఇంగ్లీషు మీమ్‌లను చూసి అలవాటైనవాళ్ళు తరచు చేసే పొరపాటు ఇదే. రంగు విషయంలో తెల్లటి అక్షరం చుట్టూ సన్నటి నల్లగీత చాలు. ఎర్రటి అక్షరాలు పెట్టారంటే ఇంతసేపూ నలుపు తెలుపులకు దక్కిన గదుల్లో కొన్ని ఎరుపుకు పోతాయి.

ప్లీడరుగారబ్బాయి:

రెండు చిన్న సంగతులు. సినిమాకు మన కాపీరైటు చట్టం 26వ సెక్షను ఇచ్చే రక్షణ, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు. ఆ లెక్కన 1957నాటి చిత్రానికి 2017తో గడువు తీరుతుంది. 2010 రంగుల ప్రతిమీద దాన్ని తయారుచేసినవాళ్ళు వేరే హక్కు ఉందని అనవచ్చు కాబట్టి, నలుపు తెలుపు ప్రతి వాడమన్న సలహా ఇటునుంచి చూసినా మంచిదే. పాట హక్కుల లెక్క వేరు గాని, జిఫ్‌కు నోరే లేదు. కొత్త సినిమాల విషయంలో మాత్రం సొంతానికి చూసుకోవడం వేరు, అందరికీ కనబడే పేజీలో పెట్టడం వేరు. ఓటీటీల తాళాలు విప్పి ముక్కలు తీయడాన్ని 2012లో చేర్చిన 65ఏ సెక్షను పట్టుకుంటుంది.

రెండోది, వాట్సాప్ కోసం మీరు జిఫ్ చెయ్యనే అక్కర్లేదు. అందులో మనం జిఫ్ అనుకునేది నిజానికి శబ్దం తీసేసిన ఎంపీ4 వీడియో. వీడియో పంపేటప్పుడు దాన్ని 6 సెకన్లకు మించకుండా కత్తిరిస్తే జిఫ్‌గా పంపే బొత్తాం అక్కడే కనిపిస్తుంది. ఈ శ్రమంతా మీ వెబ్‌పేజీకి మాత్రమే.

లడ్డూల బాకీ:

అందరికీ కృతజ్ఞతలు. నలుపు తెలుపు ప్రతి మా మేనమామగారి దగ్గర దొరికింది. కెమెరా కదలని షాటు వెతకడానికి దాదాపు గంట పట్టింది, అది దొరికిన తరువాత పని పావుగంటలో ముగిసింది. 480×360, 34 ఫ్రేములు, ఫ్రేముకు 8 వంతులు. మొత్తం 2.3 మెగాబైట్లు వచ్చింది. చారలు లేవు. రామభద్రలో ‘పెళ్ళి’ నిండుగా ఉంది. వెనక్కి ఆడించి కూడా చూశాను, కత్తెర బల్ల గారు చెప్పినట్టే జరిగింది. మా పెదనాన్నగారు నవ్వు ఆపుకోలేకపోయారు గాని, దాన్ని గ్రూపులో పెట్టవద్దని గట్టిగా చెప్పారు.

ఒక్క సందేహం మిగిలింది. బొమ్మ తిరిగి మొదలయ్యే చోట ఆయన తల కొద్దిగా ఎగిరినట్టు అనిపిస్తోంది. ఇంకా కొయ్యాలా?

కత్తెర బల్ల:

కొయ్యకండి. పాత ప్రింట్లలో ఫ్రేము కొద్దిగా అటూ ఇటూ ఊగడం మామూలే, మొదటి ఫ్రేముకూ చివరి ఫ్రేముకూ ఆ ఊపు కలవలేదన్నమాట. చివరి ఫ్రేమును ఒకటి రెండు చుక్కలు పైకో కిందికో జరిపి చూడండి. తల కాదు, వెనక ఉన్న స్తంభమో గోడ అంచో గుర్తుగా పెట్టుకుని జరపండి, ఎందుకంటే తల నిజంగానే కదులుతూ ఉంటుంది. అప్పటికీ కుదరకపోతే చివరి ఫ్రేమును 8 బదులు 30 వంతులు నిలపండి. లడ్డూ మింగి ఊపిరి తీసుకున్నట్టు కనబడుతుంది.