చదవలేని లిపిలోని అందం మనకు నిజంగా తెలుస్తుందా?

జాలారిపేట గాలి:
విశాఖ బీచ్ రోడ్డులో కొత్తగా ఒక షావర్మా బండి వచ్చింది. నల్లబోర్డు మీద బంగారు రంగు అరబ్బీ అక్షరాలు. ఎడమ చివరి అక్షరానికి పైన మూడు చుక్కలు, కింద ఊయల లాంటి తోక. ఒక్క ముక్క చదవలేను, అయినా పది నిమిషాలు నిలబడి చూశాను. రాగానికి సాహిత్యం అక్కర్లేనట్టే అక్షరానికి అర్థం అక్కర్లేదంటాను. కాదనేవారు చెప్పండి.

దమ్మాం పాతకాపు:
సౌదీలోని దమ్మాంలో 11 ఏళ్లు వెల్డింగ్ చేసి వచ్చాను. ఆ బోర్డు చూస్తే పంటి కింద రాయి పడ్డట్టుంది. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మీరు మెచ్చిన మూడు చుక్కల అక్షరం, షీన్, కుడి చివర ఉండాలి. ఆ తోక అసలు ఉండకూడదు, పక్కనున్న అలిఫ్ అనే అక్షరంలో కలిసిపోవాలి. కంప్యూటర్ అక్షరాలను విడగొట్టి తిరగేసింది. మీరు మురిసిపోయింది అచ్చుతప్పును చూసి!

ట్రెడిల్ తాత:
మన లిపి ముత్యాల్లా ఉందని పొరుగువారు అంటారు, సంతోషం. కానీ ‘ప’ తలకట్టు ఒంటికి అంటకూడదు, ‘వ’ తలకట్టు అంటాలి. పూర్ణా మార్కెట్ దగ్గర నేను శుభలేఖలు వేసే రోజుల్లో అరిగిన సీసపు అక్షరం ఒకటి మెడ దగ్గర తెగి, వరుడు కాస్తా పరుడయ్యాడు. పెళ్లివారు ప్రెస్సు మీదకు వచ్చారు. తెలుగు రానివారికి ఆ శుభలేఖ కూడా ముత్యాలే.

కొండమెట్లు:
సింహాచలం గోడల మీది ఒడియా శాసనాలు నేను చదవలేను. కానీ ఉలి ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఒక్క ఊపులో తిరిగిందో కనిపిస్తుంది. అది మెప్పు కాదా?

జాలారిపేట గాలి:
తాతగారూ, దణ్ణం. తప్పు పట్టడానికి భాష రావాలా, లిపి నడక తెలిస్తే చాలదా? రాత్రి నాలుగైదు అరబ్బీ బోర్డుల ఫోటోలు పక్కన పెట్టి చూశాను. వాటిలో అక్షరాలు చేతులు పట్టుకున్నాయి, ఇందులో లేదు. అర్థం తెలియకుండానే పట్టేశాను.

దమ్మాం పాతకాపు:
మళ్లీ పప్పులో కాలేశారు. 28 అక్షరాల్లో ఆరు తమ తర్వాతి అక్షరాన్ని అంటుకోవు. షావర్మా అనే ఆరక్షరాల మాటలో కలవాల్సిన చోట్లు రెండే. సరిగ్గా రాసినా మూడు ఖాళీలు మిగులుతాయి, మీ లెక్కన అదీ తప్పే. నిన్న బండి యజమానికి బోర్డు సంగతి చెప్పాను. “ఇన్నాళ్లలో దాన్ని చదివింది మీరొక్కరే గురువుగారూ” అని కాస్త ఎక్కువ వెల్లుల్లి సాస్ వేశాడు. బోర్డు అలాగే ఉంది.